బెమ్ స్కేలా, పి.ఎ.క్యూ.నా, ఇంకేదైనానా: స్త్రీ పురుష లక్షణాల ప్రశ్నావళి ఎంచుకునే ముందు

డిసర్టేషన్ టాపిక్‌లు ఖరారయ్యే రోజుల్లో విశాఖలో సైకాలజీ చదివే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, జెండర్ రోల్ మీద చేద్దామనుకుంటున్నా. ఏ స్కేల్ తీసుకోమంటారు?" నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: అసలు ఏం తెలుసుకుందామని? చాలామంది దగ్గర దానికి జవాబుండదు. నెట్‌లో ఏ పీడీఎఫ్ ముందు దొరికితే అదే స్కేలు, దాన్నిబట్టే టాపిక్కూ. అక్కడే బండి పక్కదారి పడుతుంది.

ఎందుకంటే పురుషత్వం, స్త్రీత్వం అన్న పేర్ల కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి గుణాలు: చటుక్కున నిర్ణయం తీసుకుంటారా, ఎదుటివాళ్ల బాధ పట్టించుకుంటారా. రెండు, తన గురించి తనకున్న భావన: నన్ను నేను ఎంత మగవాడిగా, ఎంత ఆడదానిగా చూసుకుంటున్నాను. మూడు, కట్టుబాట్లు: "మగాడు ఏడవకూడదు" లాంటి వాటిని ఎంత గట్టిగా పాటిస్తున్నారు. నాలుగు, అభిప్రాయాలు: ఆడవాళ్లకు ఉద్యోగమెందుకు అంటారా, అనరా.

ఈ నాలుగూ ఒకే మనిషిలో నాలుగు దిక్కులకు లాగొచ్చు. గాజువాకలో ఉండే ఒక స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని ఊహించుకోండి. మనవరాలికి జడ వేసేది ఆయనే, వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు ఆటో పిలిచేదీ ఆయనే. కానీ కోడలు ఉద్యోగానికి వెళ్తానంటే ఇంట్లో రభస. గుణాల ప్రశ్నావళి ఇస్తే ఆయనకు స్త్రీ లక్షణాల స్కోరు బాగా వస్తుంది. అభిప్రాయాల ప్రశ్నావళి ఇస్తే పరమ సంప్రదాయవాదిగా తేలతాడు. రెండు ఫలితాలూ నిజమే. ఒకటి కొలిచి రెండోదాని గురించి రాయడమే తప్పు.

ముందు తేల్చుకోవాల్సినవి

పై నాలుగింటిలో మీకు కావలసింది ఏది? ఇది తేలకుండా మిగతావి చూడటం వృథా.

తర్వాత, ఒకే గీతా, రెండు గీతలా? పాత పరీక్షల్లో ఒక కొసన మగ, మరో కొసన ఆడ. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. 1973లో ఆన్ కాన్‌స్టాంటినోపుల్ అనే మనస్తత్వవేత్త ఈ ఊహకు ఆధారమేదని నిలదీశారు. మరుసటేడే రెండు గుణాలనూ విడివిడిగా కొలిచే ప్రశ్నావళులు వచ్చాయి. ఆండ్రోజినీ, అంటే రెండు రకాల లక్షణాలూ ఒకే మనిషిలో దండిగా ఉండటం, మీ అంశమైతే ఒకే గీత ఉన్న స్కేలుతో మీకు పనిలేదు. ఆ గీత మధ్యలో పడినవాడిలో రెండూ నిండుగా ఉన్నాయో, రెండూ అంతంతమాత్రమో ఎప్పటికీ తెలియదు.

ఇక నిడివి, అనుమతి, తెలుగులో పెట్టడానికి ఎంత శ్రమ అవుతుంది. విద్యార్థులు చివరగా ఆలోచించేవి ఇవే, చివరి నెలలో ఏడిపించేవీ ఇవే.

| ప్రశ్నావళి | ఏడాది | అంశాలు | కొలిచేది | గీతలు |
|---|---|---|---|---|
| బెమ్ సెక్స్ రోల్ ఇన్వెంటరీ (బి.ఎస్.ఆర్.ఐ.) | 1974, చిన్నది 1981 | 60, చిన్నది 30 | గుణాలు | రెండు |
| పర్సనల్ యాట్రిబ్యూట్స్ క్వశ్చనేర్ (పి.ఎ.క్యూ.) | 1974 | 55, చిన్నది 24 | గుణాలు | రెండు, అదనంగా ఒక మిశ్రమ స్కేలు |
| పురుష కట్టుబాట్ల ఇన్వెంటరీ (సి.ఎం.ఎన్.ఐ.) | 2003 | 94, చిన్నది 46 | కట్టుబాట్లు | విడివిడి ఉపస్కేళ్లు |
| స్త్రీ కట్టుబాట్ల ఇన్వెంటరీ (సి.ఎఫ్.ఎన్.ఐ.) | 2005 | 84 | కట్టుబాట్లు | విడివిడి ఉపస్కేళ్లు |
| ట్రెడిషనల్ మాస్క్యులినిటీ ఫెమినినిటీ (టి.ఎం.ఎఫ్.) | 2016 | 6 | తన గురించి తన భావన | ఒకటి |
| జంట స్కేలు | 2016 | 2 | తన గురించి తన భావన | రెండు |
| యాటిట్యూడ్స్ టువర్డ్ విమెన్ (ఎ.డబ్ల్యు.ఎస్.) | 1972 | 55; చిన్నవి 25, 15 | అభిప్రాయాలు | ఒకటి |

బెమ్ స్కేలు: పేరున్నది, పాతది, డబ్బులయ్యేది

అమెరికా మనస్తత్వవేత్త సాండ్రా బెమ్ స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత సుమారు 400 గుణాలను తూకం వేయించారు. అమెరికా సమాజంలో ఈ గుణం మగవాడికి ఎక్కువ శోభిస్తుందా, ఆడదానికా అని. అందులోంచి 20 పురుష గుణాలు, 20 స్త్రీ గుణాలు, ఎటూ కాని 20 గుణాలు తీసి పేర్చారు. ప్రతిదాని పక్కన 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. పూర్తిచేయడం తేలికే, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

దీనికున్న బలం పేరే. ఆండ్రోజినీ మీద పరిశోధన అంతా దీని చుట్టూ పెరిగింది కాబట్టి మీ ఫలితాన్ని పోల్చిచూసుకోవడానికి బోలెడంత సాహిత్యముంది. వైవాలో ఎగ్జామినర్‌కు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

లోటుపాట్లు చాలానే ఉన్నాయి. స్త్రీ గుణాల జాబితాలో జాలి, ఆప్యాయతలతో పాటు "చిన్నపిల్లలాంటి", "ఇట్టే మోసపోయే" లాంటివీ ఉన్నాయి. అవి ఎవరూ కోరుకునే గుణాలు కావు. పైగా "పురుషత్వం గల", "స్త్రీత్వం గల" అన్న పదాలే రెండు అంశాలుగా ఉన్నాయి. ఆ రెండూ మిగతా గుణాలతో కలవకుండా, నింపినవాళ్లు మగా ఆడా అన్నదాన్నిబట్టి వేరే జట్టుకడతాయని విశ్లేషణల్లో మళ్లీమళ్లీ బయటపడింది. బెమ్ 1981లో తెచ్చిన 30 అంశాల చిన్న రూపంలో ఇలాంటివి తీసేశారు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలంటే నా ఓటు చిన్నదానికే.

పాతబడిందా అంటే జవాబు ఎవరిని అడిగామన్నదాని మీద ఆధారపడి ఉంది. 1998లో హోల్ట్, ఎల్లిస్ మళ్లీ పరీక్షించి చాలా పదాలు ఇంకా నిలబడుతున్నాయన్నారు. 2001లో హాఫ్‌మన్, బోర్డర్స్ ఇంకా గట్టి గీటురాయి పెట్టేసరికి ఆ "పురుషత్వం గల", "స్త్రీత్వం గల" అన్న రెండు పదాలే మిగిలాయి. అంతకుముందే, 1997లో, జీన్ ట్వెంగీ పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఏళ్లు గడిచేకొద్దీ అమెరికా అమ్మాయిల్లో పురుష లక్షణాల స్కోరు పెరుగుతూ వచ్చిందని చూపించారు. కాబట్టి స్టాన్‌ఫర్డ్‌లో డెబ్బైలలో వచ్చిన సగటును తెచ్చి సిరిపురం కాలేజీ పిల్లలకు కొలబద్దగా పెడితే దానికి అర్థం లేదు.

ఇంకో మాట. ఇది మైండ్ గార్డెన్ సంస్థ అమ్మే ప్రశ్నావళి. ఎన్ని కాపీలు వాడతారో అన్నింటికి లైసెన్స్ కొనాలి. సీనియర్ థీసిస్ వెనక అనుబంధంలో కనిపించిందని జిరాక్స్ తీసి పంచడం కుదరదు. మన దగ్గర అందరూ చేసేది అదే అనుకోండి.

పి.ఎ.క్యూ.: పొట్టిది, నిజాయితీ గలది

టెక్సస్ విశ్వవిద్యాలయంలో జానెట్ స్పెన్స్, రాబర్ట్ హెల్మ్‌రైక్ బృందం తయారుచేసింది ఇది. ఎక్కువగా వాడే చిన్న రూపంలో 24 అంశాలు. ప్రతి అంశానికి రెండు కొసలు, మధ్యలో ఎ నుంచి ఇ వరకు అయిదు అక్షరాలు. ఎనిమిదేసి అంశాలతో పురుష, స్త్రీ, మిశ్రమ అని మూడు స్కేళ్లు, ఒక్కోదానికి స్కోరు 0 నుంచి 32. పరిశోధనకు డబ్బు కట్టక్కర్లేదు. కొన్ని అంశాలు తలకిందులుగా ఉంటాయి, స్కోరింగ్‌లో వాటిని తిప్పడం మరిచిపోకండి.

నాకు ఇది నచ్చే కారణం వేరు. కొన్నేళ్లు పోయాక స్పెన్స్ స్వయంగా చెప్పిన మాట: ఈ ప్రశ్నావళి కొలుస్తున్నది పురుషత్వం, స్త్రీత్వం అనే పెద్ద సంగతుల్ని కాదు, పని సాధించుకునే స్వభావాన్ని, మనసు పంచే స్వభావాన్ని మాత్రమే. తన సాధనం హద్దు ఇంతేనని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పడం అరుదు. మీ డిసర్టేషన్ శీర్షికలో కూడా ఆ మాటే రాసుకుంటే సగం విమర్శలు ముందే ఆగిపోతాయి.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. ఒకటి మూడో స్కేలు. "ఇంటిపట్టునే మనసు" ఒక కొస, "బయటి ప్రపంచం మీద మనసు" రెండో కొస అన్న అంశం అందులోదే. దీన్ని ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనే ఆవిడకు చూపించండి. తెల్లారకముందే వేలంపాటలో మగాళ్ల మధ్య నిలబడి పాడుతుంది, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీలన్నీ తిరుగుతుంది, అదంతా ఇంటి కోసమేనంటుంది. ఆవిడ ఏ అక్షరం చుట్టూ సున్నా చుట్టాలి? మొదటి రెండు స్కేళ్లు వాడి, ఈ మూడోది వదిలేసినవాళ్లు చాలామందే ఉన్నారు. మీరూ వదిలేయొచ్చు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. పురుష స్కేలులో "ఆత్మవిశ్వాసం ఎక్కువ", "ఒత్తిడిని బాగా తట్టుకుంటాను" లాంటి అంశాలున్నాయి. విద్యార్థులు దీని పక్కన రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేలు పెట్టి, రెండింటికీ గట్టి సంబంధముందని కనిపెట్టామంటారు. ఉండక ఏం చేస్తుంది? దాదాపు ఒకే ప్రశ్న రెండు కాగితాల మీద రెండుసార్లు అడిగారు. డిప్రెషన్, ఆందోళన స్కేళ్లతో జత చేసినా ఈ చిక్కు కొంతవరకు ఉంటుంది. స్వతంత్రంగా కొలవగలిగే దేన్నైనా జత చేయండి: ఇంటిపనికి రోజూ ఎన్ని గంటలు, ఉద్యోగానికి ఎన్ని దరఖాస్తులు పెట్టారు, అలాంటివి.

1979లో దీనికి పొడిగింపు వచ్చింది. అహంకారం, దురాశ లాంటి చెడు పురుష లక్షణాలు, సణుగుడు, వెన్నెముక లేనితనం లాంటి చెడు స్త్రీ లక్షణాలు విడి స్కేళ్లుగా చేర్చారు. కుటుంబ కలహాల మీదో, హాస్టల్ గొడవల మీదో పనిచేస్తుంటే మామూలు దానికంటే ఇదే మేలు.

కట్టుబాట్ల ప్రశ్నావళులు

సి.ఎం.ఎన్.ఐ., సి.ఎఫ్.ఎన్.ఐ. తయారుచేసిన జేమ్స్ మహాలిక్ బృందం దారి వేరు. నువ్వు ఎలాంటివాడివి అని కాదు, సమాజం మగాడికి పెట్టిన నియమాలను ఎంత పాటిస్తున్నావు అని అడుగుతారు. గెలుపు, భావాలు దాచుకోవడం, తెగింపు, హింస, ఎవరి మీదా ఆధారపడకపోవడం, పనికే మొదటి పీట... ఇలా 11 నియమాలు. స్త్రీల ప్రశ్నావళిలో ఎనిమిది: అందరితో మంచిగా ఉండటం, సన్నగా ఉండటం, అణకువ, ఇంటిపని, పిల్లల పెంపకం వగైరా.

మగవాళ్లు మానసిక సమస్యలకు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లరు, రేవు కూలీలు నొప్పి ఉన్నా ఎందుకు చెప్పరు లాంటి ప్రశ్నలకు ఇవే సరైనవి. గుణాల ప్రశ్నావళి అక్కడ ఏమీ చెప్పదు.

మరి ఇబ్బంది? 94 ప్రశ్నలు డ్యూటీ దిగిన మనిషి చేత నింపించడం కష్టం, అందుకే 46 అంశాల రూపం చూడండి. అంతకంటే, ఒకరికి మించి లైంగిక సంబంధాలు, స్వలింగ సంపర్కుల పట్ల విముఖత, భాగస్వామికి కట్టుబడి ఉండటం మీద ప్రశ్నలున్నాయి. క్లాస్‌రూమ్‌లో పక్కపక్కన కూర్చోబెట్టి ఇస్తే పక్కవాడి కాగితం వైపు చూస్తూనే టిక్కులు పెడతారు. విడిగా, పేరు లేకుండా, ఎథిక్స్ కమిటీ అనుమతితో మాత్రమే. ఉపస్కేళ్లలో మీకు కావలసినవి నాలుగైదు తీసుకుంటే ఎలా అంటారా? రచయితల అనుమతితో, ఏవి వదిలేశారో చెప్పి చేయొచ్చు.

ఆరు ప్రశ్నలు, రెండు ప్రశ్నలు

2016లో జర్మనీ పరిశోధకులు కాషెల్, స్టెఫెన్స్, నీడ్‌లిష్ తెచ్చిన టి.ఎం.ఎఫ్. గుణాల జోలికి పోదు. నన్ను నేను ఎలా చూసుకుంటాను, ఎలా ఉండాలనుకుంటాను, నా ఆసక్తులు, అభిప్రాయాలు, ప్రవర్తన, పైరూపం సంప్రదాయం ప్రకారం ఎటువైపు: ఇంతే, ఏడు మెట్ల మీద. ఉచితంగా దొరికే పత్రికలోనే అంశాలన్నీ ఉన్నాయి. కానీ ఒకే గీత, కాబట్టి ఆండ్రోజినీ తేలదు.

అదే ఏడాది అమెరికా సమాజశాస్త్రజ్ఞులు మాగ్లియోజి, సేపర్‌స్టీన్, వెస్ట్‌బ్రుక్ ఇంకా తేలిక చేశారు; పట్టికలోని జంట స్కేలు ఇదే. స్త్రీత్వం ఎంత, 0 నుంచి 6. పురుషత్వం ఎంత, 0 నుంచి 6. ఇంటింటి సర్వేలో ఇంతకు మించి చోటుండదు. రెండు గీతలున్నాయి కాబట్టి రెండూ ఎక్కువ అన్నవాళ్లు కూడా బయటపడతారు. దేన్నిబట్టి ఆ అంకె చెప్పారో మాత్రం మీకు తెలియదు. ఒకావిడ చీరకట్టును బట్టి చెప్పొచ్చు, ఇంకొకావిడ ఓర్పును బట్టి.

పాత రకం ఒకే గీత పరీక్షలు, అంటే టెర్మన్, మైల్స్ 1936లో ప్రచురించినదీ, ఎం.ఎం.పి.ఐ. అనే పెద్ద వ్యక్తిత్వ పరీక్షలోని అయిదో స్కేలూ, కొత్తగా ఎవరూ ఎంచుకోనక్కర్లేదు. మొదటిది చరిత్ర. రెండోది క్లినికల్ సైకాలజిస్ట్ చేతిలో మొత్తం పరీక్షలో భాగంగా తప్ప విడిగా వాడేది కాదు.

ఆండ్రోజినస్ అని తేల్చేది లెక్క

ఇక్కడ కొంచెం ఆగాలి. బెమ్ మొదట రెండు స్కోర్ల తేడా చూశారు. తేడా తక్కువైతే ఆండ్రోజినస్. స్పెన్స్ బృందం 1975లో అభ్యంతరం చెప్పింది: రెండూ తక్కువున్నవాడికీ తేడా తక్కువే కదా? దాంతో నమూనా మధ్యస్థం, అంటే మీడియన్ దగ్గర గీత గీసి నాలుగు గదులు చేయడం వాడుకలోకి వచ్చింది. రెండూ ఎక్కువైతే ఆండ్రోజినస్, రెండూ తక్కువైతే ఎటూ చెందనివారు, ఒకటే ఎక్కువైతే పురుష గది లేదా స్త్రీ గది. బెమ్ కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒక ఊహాజనిత లెక్క చూడండి. ఒకమ్మాయికి పురుష స్కోరు 5.0, స్త్రీ స్కోరు 5.2. మద్దిలపాలెంలో ఒక కాలేజీలో మీడియన్లు 4.8, 5.1 అయితే ఆమె ఆండ్రోజినస్. అదే అమ్మాయిని నేవీ ఆఫీసర్ల పిల్లలు ఎక్కువున్న కాలేజీ నమూనాలో కలిపితే, అక్కడ మీడియన్లు 5.2, 5.0 అనుకుందాం, స్త్రీ గదిలో పడుతుంది. అమ్మాయి మారలేదు, పక్కన కూర్చున్నవాళ్లు మారారు.

దానికితోడు 60 మందిని నాలుగు గదుల్లో పంచితే ఏదో ఒక గదిలో ఏడెనిమిది మందే మిగులుతారు. ఆ సంఖ్యతో అనోవా (గుంపుల సగటుల మధ్య తేడా పరీక్షించే లెక్క) చేసి తేడా లేదంటే అర్థమేముంది? గదులు వదిలేసి రెండు స్కోర్లనూ అలాగే రిగ్రెషన్‌లో (ఒకదాన్నిబట్టి ఇంకొకటి ఎంత మారుతుందో చూసే లెక్కలో) పెట్టండి, వాటి గుణకారాన్ని మూడో పదంగా చేర్చండి. రెండూ కలిసి ఉండటం వల్ల నిజంగా అదనపు లాభముంటే అది ఆ మూడో పదంలో కనిపించాలి. 1982లో టేలర్, హాల్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఇలాగే తిరగేస్తే ఆ అదనపు లాభం కనిపించలేదు. మానసిక స్వస్థతతో ముడిపడింది ఎక్కువగా పురుష స్కోరే. ఎందుకో పైన ఆత్మవిశ్వాసం సంగతి చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

తెలుగులో పెట్టేటప్పుడు

ఇంగ్లిష్ మీడియం పీజీ విద్యార్థులకు ఇంగ్లిష్‌లోనే ఇవ్వొచ్చు. పెందుర్తి, భీమిలి దాటితే తెలుగు తప్పదు. ఒకరు అనువదించి, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి తెచ్చి, తేడాలు సరిచూడటం అందరికీ తెలిసిన పద్ధతి. చాలామంది ఎగ్గొట్టేది దాని తర్వాతి మెట్టు: పదిమందిని కూర్చోబెట్టి, ఈ ప్రశ్నకు మీరేమనుకుని టిక్ పెట్టారని అడగడం.

"సర్దుకుపోతాను" అన్న అంశం దగ్గర జాలారిపేటలో ఒకామె పెన్ను పైకెత్తి అడిగింది: "ఏటమ్మా, ఇంటికాడ సర్దుకుపోతానా అని అడుగుతన్నావా, బేరంకాడా?" ఇంటి దగ్గర అయితే 7, బేరం దగ్గర 1. ఆవిడ సగటు చేసి 4 వేస్తే మీ కంప్యూటర్‌కు ఆవిడ మధ్యస్థంగా కనిపిస్తుంది. అందుకని ఒక్క విశేషణంతో వదిలేయకుండా "ఇంట్లో", "పనిలో" అని సందర్భం చేర్చి రెండుసార్లు అడగండి. అప్పుడది అసలు స్కేలు కాదు, మీరు సవరించిన రూపం. ఆ సంగతి స్పష్టంగా రాసి, విశ్వసనీయత, అంటే అంశాలన్నీ ఒకే సంగతిని నిలకడగా కొలుస్తున్నాయా అన్నది, మళ్లీ లెక్కగట్టండి.

మీరెవరైతే ఏది

పీజీ డిసర్టేషన్, చేతిలో నాలుగు నెలలు, డబ్బుల్లేవు: పి.ఎ.క్యూ. మొదటి రెండు స్కేళ్లు. పీహెచ్‌డీ, పాత సాహిత్యంతో పోలిక కావాలి: బెమ్ చిన్న రూపం, లైసెన్స్‌తో. మగవాళ్ల ఆరోగ్యం, హింస మీద పనైతే సి.ఎం.ఎన్.ఐ. 46. సర్వేల్లో జంట స్కేలు. ఆడవాళ్ల హక్కుల మీద అభిప్రాయాలకు ఎ.డబ్ల్యు.ఎస్. తరహావి, కానీ డెబ్బైల అమెరికా ప్రశ్నలను యథాతథంగా దించకండి.

కంపెనీల్లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు చర్చ మొదలుపెట్టడానికి పి.ఎ.క్యూ. వాడుకోవచ్చు, స్కోర్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. ఉద్యోగంలోకి తీసుకోవడానికో ప్రమోషన్‌కో మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు.

కౌన్సెలర్లకు విడిగా చెప్పాలి. "మా వాడు ఆడపిల్లలా ఉంటున్నాడమ్మా, ఒకసారి టెస్ట్ చేసి చెప్పండి" అని తల్లిదండ్రులు వస్తారు. ఆ కుర్రాడు తన్ను తాను ఎవరనుకుంటున్నాడో, ఎవరిని ఇష్టపడతాడో చెప్పే పరీక్ష ఇక్కడ ఒక్కటీ లేదు. బెమ్ స్కేలులో జాలి ఎక్కువొస్తే జాలి ఎక్కువని మాత్రమే అర్థం. వ్యక్తి జెండర్‌ను నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో చెప్పింది. అలాంటప్పుడు సొరుగులోంచి ప్రశ్నావళి తీయకండి. ముందు తల్లిదండ్రులతో, తర్వాత కుర్రాడితో ఒంటరిగా కూర్చుని మాట్లాడండి.

ఊరికే సరదాకి తెలుసుకుందామనుకునేవాళ్లకు నెట్‌లో ఓపెన్ సెక్స్ రోల్ ఇన్వెంటరీ ఉంది, 44 ప్రశ్నలు, ఉచితం. గుణాలు కాకుండా చేసిన పనులు అడుగుతుంది. జుట్టుకు రంగు వేసుకుందామని ఎప్పుడైనా అనుకున్నారా అన్నది స్త్రీ వైపు లెక్కలోకి పోయే ప్రశ్న. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే మన పెద్దమనుషులు నిజాయితీగా జవాబిస్తే స్కోరు ఎటు పోతుందో మీరే చూసుకోండి.